కుండీ మొక్కలకు పురుగు పడితే: మందు సీసా తీసే ముందు, తీశాక

"వేపనూనె కొట్టానక్కా, వారానికే మళ్లీ వచ్చేశాయి." తిరుపతిలో మిద్దె తోట పెంచుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఆ వెంటనే రెండో మాట: "ఇంకా గట్టి మందు ఏదైనా ఉంటే చెప్పు."

గట్టి మందు అక్కర్లేదు. చాలా ఇళ్లలో మందు సరైనదే ఉంటుంది. కాకపోతే అది ఆకు పైన పడుతుంది, పురుగేమో ఆకు కింద ఉంటుంది. ఒకసారి కొట్టి ఊరుకుంటారు, గుడ్లు మాత్రం అలాగే మిగిలిపోతాయి. పొద్దున పదింటికి ఎండలో కొడతారు, అప్పుడు పురుగు బతుకుతుంది, ఆకు మాడుతుంది. కింద రాసిన వరుసలో వెళ్తే ఈ మూడూ సర్దుకుంటాయి. వరుస మార్చి, మొదటి రోజే నూనె కొట్టడంతో మొదలుపెట్టొద్దు.

1. ముందుగా ఇంట్లో ఉండాల్సినవి

- ఒకటి రెండు లీటర్ల ప్రెషర్ స్ప్రేయర్. నాజిల్ పైకి తిరిగేదైతే మంచిది
- వేపనూనె, కుంకుడుకాయలు
- మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, ఇయర్ బడ్స్
- పాత టూత్‌బ్రష్, చిన్న కత్తెర
- పసుపు రంగు జిగురు అట్టలు
- తెల్ల కాగితం, భూతద్దం (లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు)
- వేపపిండి (నూనె తీశాక మిగిలే వేప చెక్క పొడి)

వేపనూనె కొనేటప్పుడు కాస్త జాగ్రత్త. పూజా సామాన్ల షాపుల్లో దీపాల కోసం అమ్మే నూనెలో వేరే నూనెలు కలిసి ఉండొచ్చు. మొక్కలకు గానుగలో ఆడించిన, ఏమీ కలపని వేపనూనె కావాలి. లేదంటే ఎరువుల షాపులో దొరికే, సీసా మీద పీపీఎం అంకె ఉన్న మందు తీసుకోండి. ఆ అంకె పురుగు మీద పనిచేసే అజాడిరక్టిన్ ఎంత ఉందో చెబుతుంది. 1500 పీపీఎం సీసాకూ 10,000 పీపీఎం సీసాకూ మోతాదు ఒకటి కాదు. సీసా మీద రాసిన కొలతే వాడండి, పక్కింటివాళ్లు చెప్పిన కొలత కాదు.

డిసెంబరు, జనవరి చలికి వేపనూనె గడ్డకడుతుంది. పాడైపోయిందని పారేయకండి. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే మళ్లీ కరుగుతుంది.

నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, నూనె నీళ్లలో కలవదు. మందు కలపడానికి మాత్రం కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి. రెండు లీటర్లే కదా కావలసింది.

2. ఏ పురుగో తేల్చుకోండి

ఆకు ముడుచుకుంది, పసుపు రంగుకు వచ్చింది అంటే సరిపోదు. ఆకు తిప్పి చూడాలి. పొద్దున వెలుతురు బాగున్నప్పుడు, ఒక్కో మొక్కకు కింది ఆకు ఒకటి, మధ్య ఆకు ఒకటి, చిగురు ఒకటి చూడండి.

పిండినల్లి: దూది అంటినట్టు తెల్లగా, కొమ్మ చీలే చోట, ఆకు కాడ మొదట్లో ఉంటుంది. మందారం, జామ, బొప్పాయి దీనికి ఇష్టం.

పేనుబంక: చిగురు, మొగ్గ కాడల చుట్టూ గుంపులుగా పచ్చగానో నల్లగానో ఉంటాయి. చిక్కుడు, చామంతి మీద సంక్రాంతి చలికి బాగా కనిపిస్తుంది. ఆకులు జిగురుగా ఉండి, కొన్నాళ్లకు పైన నల్లటి మసి పడుతుంది. ఆ మసి వేరే రోగం కాదు, పురుగు విసర్జించే తీపి బంక మీద పెరిగే బూజు. పురుగు పోతే తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తెల్లదోమ: కుండీ కదిపితే తెల్లగా రేగి మళ్లీ ఆకు కిందే వాలుతుంది. వంగ, బెండ, టమాటా, మందారం మీద ఎక్కువ.

ఎర్రనల్లి: కంటికి ఆనదు. ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, ముదిరితే సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తాయి. ఆకు కింద తెల్ల కాగితం పట్టి కొమ్మను తట్టండి. రాలిన నలుసులు కదులుతుంటే, వేలితో రుద్దితే ఎర్రటి గీత పడితే అదే. గులాబీ, వంగ మీద ఎండాకాలంలో తప్పకుండా చూడాలి.

తామర పురుగు: ఆకు మీద వెండి రంగు చారలు, పక్కనే నల్లటి చుక్కలు. పువ్వు విదిలిస్తే సన్నటి గీతల్లాంటి పురుగులు రాలతాయి.

మిరప పెంచేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా అయితే తామర పురుగు, అదే పైముడత. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగితే నల్లి, అది కింది ముడత. రెండూ ఒకే మొక్క మీద ఉండటం మామూలే. ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుగా, మొక్క మొత్తం గిడసబారితే అది వైరస్. దానికి ఏ కషాయమూ లేదు. చివరి భాగం చూడండి.

నిమ్మ లేత ఆకుల్లో పాము పాకినట్టు తెల్లటి గీత ఉంటే ఆకు లోపల పురుగు ఉన్నట్టు. పైన మందు కొట్టి లాభం లేదు, ఆ ఆకు తుంచేయండి. వంగలో చిగురు ఒక్కటే వాడి వేలాడితే కాండం లోపల పురుగు ఉంది. వాడిన చోటుకు అంగుళం కింద కత్తిరించి, లోపలి పురుగుతో సహా నలిపేయాలి.

కొండకు దగ్గరున్న ఇళ్లవాళ్లు కోతుల గురించి కూడా అడుగుతుంటారు. దానికి వేపనూనె పనిచేయదు, వల కట్టుకోవడమే.

3. వేరు చేయండి, కత్తిరించండి, కడగండి

పురుగున్న కుండీని మిగతావాటికి దూరంగా, నీడపట్టున పెట్టండి. ఆకులు ఒకదానికొకటి తగిలేలా కుండీలు ఇరికించి పెట్టిన మిద్దెల్లోనే పిండినల్లి వేగంగా పాకుతుంది.

తర్వాత బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి నేరుగా కవర్లో వేయండి. నేల మీద వేసి తర్వాత ఊడుద్దాం అనుకుంటే పురుగులు పక్క కుండీకి నడిచి వెళ్తాయి.

ఇప్పుడు కడగడం. పైపు చివర వేలు అడ్డం పెట్టి, ఆకు కింది నుంచి పైకి నీళ్లు జోరుగా కొట్టాలి. రెండో చేత్తో కొమ్మను పట్టుకోండి, లేకపోతే విరుగుతుంది. మట్టి కొట్టుకుపోకుండా కుండీ మొహం మీద ఒక కవరు కప్పండి. పేనుబంకలో చాలా భాగం ఈ ఒక్క పనితోనే పోతుంది. కింద పడ్డ పేనుబంక మళ్లీ పైకి ఎక్కడం కష్టం. ఎర్రనల్లికి పొడి వాతావరణం కావాలి, తడి పడదు. మే నెలలో రోజు మార్చి రోజు సాయంత్రం ఆకు కింద నీళ్లు కొట్టినా దాని జోరు తగ్గుతుంది.

పిండినల్లి మాత్రం నీళ్లకు లొంగదు. ఒంటి మీది మైనం వల్ల నీళ్లు జారిపోతాయి. దాన్ని స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఒక్కొక్కటిగా అద్దాలి. అద్దగానే తెలుపు పోయి గోధుమ రంగు కనిపిస్తుంది. కాండం మీద అంటుకుపోయిన పొలుసు పురుగును టూత్‌బ్రష్‌తో గీకాలి. ఓపిక కావాలి, అయినా దీనికి దగ్గరి దారి లేదు.

4. చీమలను ఆపకపోతే చేసిందంతా వృథా

పిండినల్లి, పేనుబంక ఉన్న మొక్క మీద చీమల బారు కనిపిస్తుంది. పురుగు విడిచే తీపి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. తినడానికి వచ్చే మిత్రపురుగులను తరిమేస్తాయి, పిల్ల పురుగులను మోసుకెళ్లి కొత్త చిగురు మీద కూడా దింపుతాయి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

- కుండీ కింద ఇటుకలు పెట్టి, ఇటుకలను నీళ్ల పళ్లెంలో ఉంచండి. ఆ నీళ్లలో దోమలు పెరగకుండా రెండు చుక్కల నూనె వేయండి
- కాస్త లావు కాండమైతే చుట్టూ టేపు చుట్టి, టేపు మీద పెట్రోలియం జెల్లీ రాయండి. నేరుగా బెరడు మీద రాయొద్దు
- ఆకు గోడకో, పిట్టగోడకో తగలకుండా చూడండి. ఒక్క ఆకు తగిలినా చీమకు అదే వంతెన
- చీమల మందు పొడి, చాక్‌పీసు గీతలు కూరగాయల కుండీ మట్టిలో పడనివ్వద్దు

5. వేపనూనె కలిపే పద్ధతి

లీటరు నీళ్లకు గానుగ వేపనూనె 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. లేత నారుకు సగం చాలు.

ముందురోజు రాత్రి నాలుగైదు కుంకుడుకాయలు గింజ తీసి గ్లాసు వేడినీళ్లలో నానబెట్టండి. పొద్దున పిసికి, గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే పది నిమిషాల్లో నాజిల్ మూసుకుపోతుంది.

అ) గిన్నెలో వేపనూనె పోసి, రెండు మూడు చెంచాల కుంకుడు రసం కలిపి బాగా గిలక్కొట్టండి.
ఆ) అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. పాలలా తెల్లగా మారాలి.
ఇ) మిగతా నీళ్లు కలిపి స్ప్రేయర్లో పోయండి.
ఈ) ఒక నిమిషం ఆగి పైన చూడండి. నూనె చుక్కలు తేలితే ఇంకో చెంచా రసం వేసి మళ్లీ కలపండి.

నేరుగా లీటరు నీళ్లలో నూనె పోసి ఊపితే నూనె పైనే తేలుతుంది. మొదటి మొక్కకు ఉత్త నీళ్లు, చివరి మొక్కకు చిక్కటి నూనె పడతాయి. చివరి మొక్క ఆకులు మాడతాయి. అప్పుడు తప్పంతా వేపనూనె మీదికి పోతుంది.

కుంకుళ్లు లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ లీటరుకు ఒక మిల్లీలీటరు మించకుండా వాడొచ్చు. బట్టల సబ్బు పొడి మాత్రం వద్దు, ఆకు అంచులు కాలతాయి. కలిపిన మందు అదే పూట వాడేయండి, రేపటికి దాచొద్దు.

ఊళ్లో వేపచెట్టు ఉన్నవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. ఎండాకాలం చివర రాలిన వేపపండ్ల గింజలు నీడలో ఎండబెట్టి దాచుకోండి. పైపెంకు తీసిన పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూట కట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పిండుతూ ఉంటే నీళ్లు తెల్లగా మారతాయి. వడకట్టి, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం కొట్టండి. రైతులు వాడే ఐదు శాతం వేపగింజల కషాయం ఇదే. ఏడాది దాటిన గింజల్లో పస తగ్గుతుంది.

6. ఎప్పుడు, ఎలా కొట్టాలి

అజాడిరక్టిన్ ఎండకు త్వరగా పాడవుతుంది. పైగా నూనె తడి ఉన్న ఆకు మీద ఎండ పడితే మాడుతుంది. కాబట్టి సాయంత్రమే కొట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఆరింటికి కూడా మిద్దె సెగలు కక్కుతుంటుంది, ఆ రోజుల్లో ఏడు దాటాక చూసుకోండి. సాయంత్రానికి తేనెటీగలు కూడా వెళ్లిపోతాయి.

- వాడిపోయిన మొక్కకు కొట్టొద్దు. ముందు నీళ్లు పోసి, తేరుకున్నాక కొట్టండి
- కొత్త మొక్కైతే రెండు ఆకులకు కొట్టి, ఒక రోజు ఆగి చూడండి
- ముందు ఆకుల కింద, తర్వాత కొమ్మల సందుల్లో, చివరగా పైన
- ఆకు చివర చుక్క కారేదాకా తడవాలి
- విచ్చిన పూల మీద వద్దు
- మధ్యమధ్యలో స్ప్రేయర్‌ను ఊపుతూ ఉండాలి

వేపనూనె తగలగానే పురుగులన్నీ రాలిపోవు. మెత్తటి ఒంటి పురుగులు కొన్ని వెంటనే చస్తాయి. మిగతావి తిండి తగ్గించి, కుబుసం విడవలేక నెమ్మదిగా పోతాయి. మర్నాడు పురుగులు కదులుతున్నాయని మోతాదు పెంచేయకండి.

గుడ్లు పిల్లలయ్యే లోపు మళ్లీ కొట్టడమే అసలు కిటుకు. మామూలుగా ఐదు నుంచి ఏడు రోజులకు ఒకసారి, మొత్తం మూడు నాలుగు సార్లు. ఎర్రనల్లి వేసవిలో చాలా వేగంగా పెరుగుతుంది, దానికి నాలుగైదు రోజులకే మళ్లీ కొట్టాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. రెండోసారి కొట్టేసరికి మొక్క బాగుపడినట్టు కనిపిస్తుంది, అందరూ ఆపేసేది కూడా అక్కడే.

7. వేపనూనె ఒక్కటే చాలని చోట్ల

గొంగళి, పచ్చ పురుగులు: ముందు చేత్తో ఏరడమే. కరివేపాకు, నిమ్మ మీది గొంగళి చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉంటుంది, అందుకే కంటికి దొరకదు. ఏరలేనంత ఉంటే బీటీ పొడి (గొంగళి పురుగులను చంపే బాక్టీరియా మందు) నీళ్లలో కలిపి సాయంత్రం కొట్టండి. పురుగు ఆకుతో పాటు దాన్ని తింటేనే పనిచేస్తుంది. చిన్న పురుగులకు బాగా, ముదిరినవాటికి అంతంత మాత్రం.

తెల్లదోమ: పసుపు జిగురు అట్టలు మొక్క ఎత్తులోనే కట్టాలి. పైన గాలికి ఊగుతూ ఉంటే ఉపయోగం లేదు. పసుపు ప్లాస్టిక్ మూతకు ఆముదం రాసినా సరే. అట్టలు పెద్ద దోమలనే పడతాయి, ఆకు కింది పిల్లలకు నూనె తప్పదు.

పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం: పది మిరపకాయలు, ఒక వెల్లుల్లి గడ్డ నూరి లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి వడకట్టాలి. పురుగు వాలకుండా కొంత అడ్డుకుంటుంది, పట్టిన పురుగును తుడిచిపెట్టదు. కళ్లజోడు, మాస్కు లేకుండా కొట్టొద్దు. గాలికి ఎదురుగా నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బూడిద తెగులు: ఇది పురుగు కాదు, శిలీంధ్రం. పుల్లటి మజ్జిగ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, వారానికోసారి కొట్టండి. గంధకం పొడి కూడా పనిచేస్తుంది కానీ మన వేసవి వేడికి ఆకులను కాలుస్తుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం అస్సలు వద్దు.

బవేరియా, వర్టిసిల్లియం వంటి, పురుగులకు పట్టి చంపే జీవ శిలీంధ్రాలు: వీటికి గాలిలో తేమ కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో వాడితే పనిచేస్తాయి. మే నెలలో కొంటే డబ్బు దండగ.

కుండీ మట్టి మీద ఎగిరే నల్ల దోమలు: ఎక్కువ నీళ్లు పోస్తున్నారని అర్థం. పైన రెండు అంగుళాలు ఆరనిచ్చి, వేపపిండి ఒక గుప్పెడు కలపండి.

నత్తలు: వానలు మొదలయ్యాక రాత్రి టార్చి వేసి ఏరి, ఉప్పు నీళ్ల బకెట్లో వేయండి. ఉప్పును మాత్రం కుండీలో చల్లొద్దు.

8. వీటిని చంపకండి

అక్షింతల పురుగు చాలామందికి తెలుసు, దాని పిల్ల తెలీదు. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. చూడగానే చంపబుద్ధేస్తుంది. పెద్దదానికి తీసిపోకుండా అది పేనుబంకను తింటుంది.

ఇంకా మోసం చేసేది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. దాని ఒంటి నిండా కూడా తెల్లటి దూదే. తేడా ఎలా అంటారా? పిండినల్లి పెద్దగా కదలదు. ఇది దానికంటే పెద్దది, దూది పోగులు పొడుగ్గా ఉంటాయి, పుల్లతో తాకితే చకచకా పరుగెడుతుంది. అది కనిపిస్తే నూనె పక్కన పెట్టి ఒక వారం ఆగండి.

పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గోధుమ రంగులో గింజల్లా అతుక్కుని ఉంటే వాటి లోపల చిన్న కందిరీగ పిల్లలు పెరుగుతున్నాయి. ఆ ఆకులు కత్తిరించి పారేయకండి. సన్నటి దారం కొనకు తెల్లటి గుడ్డు నిలబడి ఉంటే పేనుబంకను తినే అల్లిక రెక్కల పురుగుది, దాన్నీ వదిలేయండి.

9. తులసి, ఆకుకూరలు, కూరగాయలు

తులసి ఆకు తీర్థంలో వేసుకుంటాం, పచ్చిగా నములుతాం. దానికి వేపనూనె వద్దు. ఆకు కింద నల్లటి చుక్కలు, మచ్చలున్న చిన్న నల్లులు కనిపిస్తే, చివర్లు తుంచి, మూడు నాలుగు రోజులకోసారి నీళ్లతో గట్టిగా కడగండి. వెన్నులు ముదరనివ్వకుండా తుంచుతూ ఉంటే మొక్క కూడా గుబురుగా వస్తుంది.

కొత్తిమీర, పాలకూర, మెంతికూర లాంటివి నెల రోజుల పంటలు. నూనె కొడితే కూర చేదు. విత్తిన రోజే దోమతెర లాంటి వల కప్పేయండి.

వంగ, బెండ, టమాటాలు ముందు కోసి, తర్వాత మందు కొట్టండి. మళ్లీ కోయడానికి మూడు రోజులు ఆగి, కడిగి వండుకోండి.

10. అయినా పోవడం లేదా? ఇవి చూడండి

- ఆకు కింద తడిసిందా? కొట్టిన వెంటనే పది ఆకులు తిప్పి చూడండి
- మధ్యలో వాన పడిందా? పడితే మళ్లీ కొట్టాలి
- చీమలు ఇంకా ఉన్నాయా?
- పక్క కుండీలో, మూల పడేసిన ఎండు మొక్కలో పురుగు ఉందా?
- కుండీ అంచు కింద, అడుగు రంధ్రాల దగ్గర పిండినల్లి దాక్కుందా?
- ఎరువు ఎక్కువైందా? యూరియా, ఆవాల చెక్క నీళ్లు, జీవామృతం వారంవారం పోస్తే చిగురు మెత్తగా వస్తుంది, పేనుబంకకు అదే విందు
- నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్కను నేరుగా తోటలో పెట్టారా? కనీసం పది రోజులు విడిగా ఉంచాలి

అయినా పురుగో తెగులో తేలకపోతే ఆ ఆకులు రెండు కవర్లో వేసుకుని వ్యవసాయం చదివినవాళ్లకు చూపించండి. తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రెండూ ఉన్నాయి.

11. పీకేయాల్సిన మొక్క, మిగిలిన మట్టి

బెండకు ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు, మిరపకు వైరస్ వస్తే మొక్క మళ్లీ బాగుపడదు. దాన్ని ఉంచితే తెల్లదోమ, తామర పురుగు దాని మీద నుంచి పక్క మొక్కలకు వైరస్ అంటిస్తాయి. ముందు వేపనూనె నీళ్లు కొట్టండి, దోమ ఎగిరిపోకుండా ఉంటుంది. తర్వాత పీకి, కవర్లో మూతి కట్టి, ఎండలో రెండు రోజులు పెట్టి చెత్తబండికి ఇచ్చేయండి. కంపోస్టు డబ్బాలో మాత్రం వేయొద్దు.

మట్టి పారేయక్కర్లేదు. వేర్ల ముక్కలు, తెల్లటి వేరుపురుగులు ఏరేయండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే మట్టిని కాస్త తడిపి, మిద్దె మీద నాలుగైదు అంగుళాల మందంలో పరిచి, పల్చటి పారదర్శక ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులు ఇటుకలతో గాలి దూరకుండా అదమండి. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే వదిలేయాలి. నల్ల కవరు కంటే పారదర్శక కవరుకే లోపల వేడి ఎక్కువ పుడుతుంది. తర్వాత బాగా చివికిన పశువుల ఎరువు, పన్నెండు అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి, తడిపి, వారం పదిరోజులు ఆగి కొత్త మొక్క నాటండి. అదే కుండీలో మళ్లీ మిరపో వంగో వద్దు, ఈసారి చిక్కుడో ఆకుకూరో వేయండి.